కాలవ వైపు తిరిగిన స్టీరింగ్

అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇది కల కాదు, కట్టుకథ కాదు, ఎవరో చెబితే విన్నది అంతకంటే కాదు. నా కళ్ళతో చూశాను. ఈ రెండు చేతులతో పట్టుకున్నాను. గుడివాడలో కర్రీ పాయింటు నడుపుకుంటూ అన్నం మీదే బతికేదాన్ని, ఆ అన్నం మీద దొంగ ఒట్టు పెడతానా? నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. ఇప్పటికే నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు, నా కడుపుమంటంతా వాళ్ళ మీదే.

ముందు కారు సంగతి చెప్పాలి. మాది మామూలు ఫ్యామిలీ కారు. మా ఆయన ఎరువుల కొట్టు వదిలి కదలరు కాబట్టి ఎక్కువగా నడిపేది నేనే. నాగాయలంకలో మా తమ్ముడు శ్రీనుకి రొయ్యల చెరువుంది. వారం వారం వెళ్ళి కర్రీ పాయింటుకి రొయ్యలు తెచ్చుకుంటాను. మా అమ్మాయి హారిక బందరులో ఇంజినీరింగ్ చదువుతోంది. ఈమధ్యే లైసెన్సు వచ్చింది. వచ్చే సోమవారం నుంచి ఈ కారు తనే నడుపుకుంటూ కాలేజీకి వెళ్ళేట్టు వాళ్ళ నాన్న దగ్గర మాట పుచ్చుకుంది. రోజూ బస్సులో ఒంటికాలి మీద నిలబడి వెళ్ళే పిల్ల... ఆ సోమవారం కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. నా భయమంతా ఆ సోమవారం గురించే. అది గుర్తు పెట్టుకుని వినండి.

ఆ గురువారం కాలేజీకి సెలవని హారిక కూడా నాతో నాగాయలంక వచ్చింది. ఆడపడుచుని పుట్టింటి నుంచి ఒట్టి చేతులతో పంపరు కదా, ఇళ్ళల్లోకి కార్లు వచ్చాక దానికి ఇంకోటి తగులుకుంది. కారుని బురదతో పంపరు! అక్క కారు చెరువుగట్టు బురదతో ఊళ్ళోంచి వెళ్తే తమ్ముడి పరువు పోతుందట. అందుకని బయల్దేరే ముందు శ్రీను చెరువు దగ్గర బోరు మోటారు వేసి, పైపు పట్టుకుని, బానెట్ ఎత్తి, తలుపులన్నీ బార్లా తీసి కడుగుతాడు. ఆ రోజైతే స్టీరింగ్ కింద, మ్యాట్ల కింద దాకా నీళ్ళు కొట్టాడు.

"చాల్లేరా, లోపలెందుకు?" అన్నాను.

"నువ్వుండవే అక్కా! నీచు వాసన గుప్పుమంటోంది. పెళ్ళికూతుర్లా తయారుచేసి పంపిస్తా చూడు" అన్నాడు.

పంపించాడు. ఇళ్ళల్లో దీపాలు పెట్టే వేళకి బయల్దేరాం.

అవనిగడ్డ దాటాం. కృష్ణ మీద వంతెన దాటాం. ఏమీ లేదు. చల్లపల్లి కూడా దాటాం. హారిక పక్క సీట్లో ఫోను చూస్తూ చూస్తూ కునుకు తీసింది. చీకటి చిక్కబడింది. నాట్లకి నీళ్ళు వదిలిన రోజులవి... ఎడమ పక్కన కాలవ గట్టు ఒరుసుకుంటూ పారుతోంది. ఒక్క కప్పల గోల తప్ప ఇంకో చప్పుడు లేదు.

అప్పుడు వెలిగింది.

ఎదురుగా మీటర్ల మధ్య చిన్న పసుపు దీపం. స్టీరింగ్ బొమ్మ, పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు. వెలిగింది... ఆరింది... మళ్ళీ వెలిగింది. దాంతోపాటే స్టీరింగ్ బరువెక్కింది. అప్పటిదాకా వేలితో తిరిగేది, రుబ్బురోట్లో పొత్రంలా బిగుసుకుపోయింది. మలుపు తిప్పడానికి భుజాలు పడిపోయాయి. ఇదేం ఖర్మరా బాబూ అనుకుంటూ ఉండగానే దీపం ఆరిపోయింది. స్టీరింగ్ మళ్ళీ తేలికైంది. హమ్మయ్య అనుకున్నాను.

అనుకున్నానో లేదో... లాగింది.

ఎడమకి. కాలవ వైపుకి. గుంటలో పడి జారడం కాదండీ, టైరు పంక్చరై ఒరగడం కాదు. ఆ తేడాలు నాకు తెలుసు. స్టీరింగ్‌కి అవతల పక్క ఎవరో కూర్చుని, "ఇటివ్వు" అని గుంజుకున్నట్టు లాగింది. బ్రేకు తొక్కాను. ముందు చక్రం గట్టు మీద గడ్డిలోకి దిగి ఆగింది. హెడ్‌లైట్ల వెలుగులో నీళ్ళు కనిపిస్తున్నాయి. నల్లగా... కదులుతున్నాయి.

కారు వెనక్కి తీసి రోడ్డు వారగా పెట్టాను. హ్యాండ్ బ్రేకు వేశాను. స్టీరింగ్ తిన్నగా పెట్టాను. ఇంజిను ఆన్‌లోనే ఉంది. ఆగిన బండికి వేసే లైట్లు టిక్... టిక్... అంటున్నాయి. చెమటలు కారిపోతుంటే మొహం తుడుచుకుందామని పైట కొంగు అందుకున్నాను. రెండు చేతులూ మొహం మీదే ఉన్నాయి.

జ్‌జ్‌జ్...

సన్నగా, ఎక్కడో స్టీరింగ్ కింద గొట్టంలోంచి. కొంగు తీసి చూశాను.

స్టీరింగ్ తిరుగుతోంది.

మెల్లగా... చాలా మెల్లగా. ముసలమ్మ విసుర్రాయి తిప్పినంత మెల్లగా. చేతులు లేవు. ఎవరి చేతులూ లేవు. కింద టైరు ఇసకని నలుపుతున్న చప్పుడు... కర... కర... ఎడమకే. కొంచెం తిరిగి ఆగుతుంది. మళ్ళీ జ్‌జ్‌జ్... మళ్ళీ కొంచెం. అప్పటిదాకా చెవులు చిల్లులు పడేలా అరిచిన కప్పలు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు.

హారికకి మెలకువ వచ్చింది.

"అమ్మా... ఆపేసి ఎందుకు తిప్పుతున్నావు?"

రెండు చేతులూ పైకెత్తి చూపించాను. అది నా చేతుల వంక చూసింది. స్టీరింగ్ వంక చూసింది. మళ్ళీ నా చేతుల వంక చూసింది. స్టీరింగ్ ఎడమకి ఎంత తిరగాలో అంతా తిరిగిపోయింది. అక్కడికొచ్చి ఆగితే బాగుండు... ఆగలేదు. ఇంకా తిరగాలని మూలుగుతోంది. మ్‌మ్‌మ్... అని. "తాళం తియ్యమ్మా! తాళం తియ్యి!" అని హారిక కేక పెట్టింది. కీ తిప్పేశాను.

ఆగింది. అంతా ఆగింది. కాలవ చప్పుడొక్కటే.

ఎంతసేపు కూర్చున్నామో. ఒక్క బండి రాలేదు. తలుపు తీసి దిగుదామంటే పిల్ల నా చెయ్యి వదల్లేదు. చివరికి ధైర్యం చేసి మళ్ళీ స్టార్ట్ చేశాను. దీపం లేదు. లాగడం లేదు. వెన్నలా తిరిగింది. దాన్నే నమ్ముకుని, ఎడ్లబండి వేగంతో పామర్రు చేరాం. అక్కడ టీ కొట్టు వెలుగు చూస్తే ప్రాణం లేచొచ్చింది.

పామర్రు దాటి గుడివాడ రోడ్డెక్కాక నీళ్ళు కుడి పక్కకి వచ్చాయి. నేనేమీ ఆలోచించలేదు. ఇంకెంత, ఇంటికి వచ్చేశాం అనుకున్నాను. ఎదురుగా ధాన్యం లారీ వస్తోంది. సరిగ్గా అప్పుడు... జ్‌జ్‌జ్...

ఈసారి కుడికి లాగింది!

కుడికంటే లారీ ముందుకి. లారీ అవతల మళ్ళీ నీళ్ళే. నా బలమంతా పెట్టాను. చాల్లేదు. పక్క నుంచి హారిక కూడా రెండు చేతులూ వేసి పట్టుకుంది. నేను చూశాను కదా, దాని గాజులు నా మణికట్టుకి గీరుకున్నాయి కదా! తల్లీకూతుళ్ళం ఇద్దరం పట్టి లాగితే వచ్చింది. లారీవాడు హారను మోగిస్తూ, బూతులు తిడుతూ అంగుళంలో దాటిపోయాడు. వాడి తిట్లు ఆ రాత్రి నాకు దీవెనల్లా వినిపించాయి.

ఇంటికొచ్చి చెప్పాను. చూడండి నా రాత!

మా అత్తగారు ముందు ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. తీసి, "ఆ కాలవలో ఎవరు పోయారో ఏంటో, బండినెక్కి వచ్చుంటారు. ఇక ఆ కారు పిల్ల ముట్టుకోడానికి వీల్లేదు" అన్నారు.

"పోయినవాళ్ళకి కారెందుకు అత్తయ్యా? అయినా నా స్టీరింగ్ తిప్పడం తప్ప వాళ్ళకింకేం పనీపాటా లేదా?" అన్నాను. భయం నాకూ ఉంది, కానీ చెవులారా మోటారు చప్పుడు విన్నదాన్ని. దెయ్యాల మోటార్లుంటాయా?

మా ఆయన కారు తీసుకుని వీధి చివరి దాకా వెళ్ళొచ్చారు. ఒక్క వేలితో తిప్పారట. "శుభ్రంగా ఉంది. నువ్వే నిద్రమత్తులో తూలి ఉంటావు" అన్నారు. అక్కడ మొదలైంది నా ఒళ్ళు మంట.

శనివారం నేను, ఆయన, హారిక ముగ్గురం బందరులో సర్వీసు సెంటరుకి వెళ్ళాం. ఏసీ గది, అద్దం బల్ల. అవతల కుర్రాడు మెడకి టై కట్టుకుని, చక్కగా, ఓపిగ్గా చెప్పాడు. అబద్ధమెందుకు, బాగానే చెప్పాడు. పాత బళ్ళల్లో స్టీరింగ్‌కి నూనె, పంపు ఉండేవట. ఇప్పుడవి లేవు, కరెంటు మోటారే. మనం ఎంత బలంతో తిప్పుతున్నామో ఒక సెన్సరు చూస్తుంది, ఆ బలానికి మోటారు తన బలం కలుపుతుంది. అందుకే వేలితో తిరుగుతుంది. బ్యాటరీ నీరసించినా, వైర్లు తుప్పు పట్టినా మోటారు ఆగిపోయి స్టీరింగ్ బిగుస్తుంది. బ్యాటరీ చూపించుకోవాలి, టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకోవాలి, స్టీరింగ్ చివరి దాకా తిప్పి అలాగే పట్టుకుని ఉండకూడదు, పసుపు దీపం వెలిగితే వాయిదా వెయ్యకుండా తీసుకురావాలి. అన్నీ బుద్ధిగా విన్నాను.

తర్వాత కారు కిందకి దూరి వచ్చినతను ఒక వైరు ముక్క చూపించాడు. చివర పచ్చగా చిలుం పట్టి ఉంది.

"మేడమ్, బండిని సముద్రంలో గానీ దింపారా? మోటారుకెళ్ళే వైరంతా ఉప్పు" అన్నాడు టై కుర్రాడు.

శ్రీను బోరు! రొయ్యలకి ఉప్పునీళ్ళు కావాలని వేయించిన బోరది. దాంతో వారం వారం నా కారుకి తలంటు! అక్కడికక్కడే ఫోను చేసి తిట్టాను.

"అదేంటక్కా అలాగంటావు! బురద కారుతో పంపిస్తే నలుగురూ నన్నేమనుకుంటారు?" అన్నాడు. వాడి గొంతులో బాధ విని ఫోను పెట్టేశాను. ప్రేమగా చేసినదాన్ని ఎంతని తిడతాం?

"అయితే అదే కదా లాగింది?" అన్నాను కుర్రాడితో, బరువు దిగినట్టయి.

"కాదు మేడమ్. దాని వల్ల బిగుసుకుంటుంది. లాగదు. వైరు మార్చేశాం, ఇక బిగుసుకోదు."

"లాగిందండీ! దానంతటదే తిరిగింది!"

"ఎటు?"

"ముందు ఎడమకి. పామర్రు దాటాక కుడికి."

కుర్రాడు నవ్వాడు. మర్యాదగానే నవ్వాడు, అదే ఇంకా మండించింది. "సెన్సరు చెడిపోతే ఒక్కోసారి లాగొచ్చు మేడమ్. కానీ ఒక పక్కకే లాగాలి. అటొకసారి ఇటొకసారి, అదీ నీళ్ళెటుంటే అటు లాగిందంటే..." అని మాట ఆపి నా చేతుల వైపు చూశాడు. మా ఆయన కూడా చూశారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. రోజూ పొద్దున్నే ఇంతింత గుండిగల్లో గరిటె పెట్టి తిప్పే చేతులివి! ఏది నేను తిప్పుతున్నానో, ఏది దానంతటది తిరుగుతోందో ఈ చేతులకి తెలియదా? ఆడది చెబితే మతిభ్రమణం, అదే మగాడు చెబితే మాన్యుఫ్యాక్చరింగ్ డిఫెక్టా? ఏసీ గదంతా వినబడేలా అడిగాను. అందరూ తలలు తిప్పి చూశారు. చూడనీ!

"నన్ను నమ్మకపోతే మానెయ్యండి. ఇదుగో, మా అమ్మాయి పక్కనే ఉంది. రెండుసార్లూ చూసింది. తన చేతులతో పట్టుకుంది. చెప్పవే హారికా!"

హారిక తల వంచుకుని ఫోను వంక చూసింది. తెర మీద ఏమీ లేదు, నల్లగా ఉంది.

"నేను... నిద్రలో ఉన్నానండీ. సరిగ్గా తెలియదు" అంది.

మా ఆయన కీ చేతిలోకి తీసుకుని, "సరే, సోమవారం నుంచి తీసుకెళ్ళమ్మా" అని దాని చేతిలో పెట్టారు. అది తీసుకుంది. నా వంక చూడలేదు.

నాకు అర్థం కాలేదనుకున్నారా? నిజం చెబితే నానమ్మ ఆ కారు ముట్టుకోనివ్వదు. మళ్ళీ బస్సు, మళ్ళీ ఒంటికాలు. ఆ వయసులో నాకు కారిస్తామంటే నేనూ అలాగే చెప్పేదాన్నేమో. అర్థమైంది... అయినా కోపం ఆగలేదు. రెండు రోజులు దానితో మాట్లాడలేదు. కంచంలో అన్నం పెట్టి వెళ్ళిపోయేదాన్ని. నా కడుపున పుట్టిన పిల్ల నలుగురిలో నన్ను పిచ్చిదాన్ని చేసింది. ఆ పిల్లే ఆ కారెక్కి కాలవ పక్కన వెళ్ళబోతోంది. ఏది ఎక్కువ బాధో నాకే తెలియలేదు.

సోమవారం పొద్దున్నే కారు తీసింది. నేను వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను.

"నువ్వెందుకమ్మా?"

"బందరులో నాకు పనుంది. బస్సులో తిరిగొస్తాలే."

పని లేదని దానికీ తెలుసు. ఊరు దాటాక రోడ్డుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేపల చెరువులు. పొద్దు పొడిచి నీళ్ళన్నీ తళతళలాడుతున్నాయి. మంచి వెలుగు. కొంగలు, చెరువుగట్ల మీద మనుషులు... భయపడేందుకు ఏమీ లేదు. కారు తిన్నగా, గీత గీసినట్టు వెళ్తోంది.

అప్పుడు దాని చేతులు చూశాను.

వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. మోచేతుల దాకా నరాలు తేలాయి. రెండు చేతులూ నీళ్ళ బిందె మోస్తున్నట్టు వణుకుతున్నాయి. కారు మాత్రం తిన్నగానే వెళ్తోంది.

"లాగుతోందా?"

"లేదమ్మా. బాగానే ఉంది."

"హారికా... ఆపు."

"బాగానే ఉందంటున్నానా!"

"ఆపవే!"

ఆపింది. వారగా పెట్టి హ్యాండ్ బ్రేకు వేసి, ఆ చెయ్యి వెంటనే మళ్ళీ స్టీరింగ్ మీద వేసేసింది. ఇంజిను ఆన్‌లోనే ఉంది.

"చేతులు తియ్యి."

తియ్యలేదు.

"తియ్యమంటున్నానా?"

"తియ్యను." కళ్ళ నుంచి నీళ్ళు జారుతున్నాయి. "తీస్తే తిరుగుతుందమ్మా."

"ఎటు?"

అది ఆ పక్క కాలవ వంక చూసింది. ఈ పక్క చెరువుల వంక చూసింది. "తెలియట్లేదు" అంది.

నేను చెయ్యి చాపి స్టీరింగ్ మీద వేశాను. నా చేతికి ఏమీ తెలియలేదు. లాగడం లేదు, వణుకు లేదు. చెవి పెట్టి విన్నాను. మోటారు చప్పుడు లేదు. పసుపు దీపం లేదు. చల్లగా, నిశ్శబ్దంగా, కొత్త కారులా ఉంది. ఎవరైనా చూస్తే పిల్లదే భ్రమ అంటారు. ఆ మాట నా నాలిక చివరి దాకా వచ్చింది... మింగేశాను. ఆ మాట ఎంత మండిస్తుందో నాకు తెలుసు.

కీ తిప్పి ఇంజిను ఆపాను. ఆగాక కూడా అది చేతులు తియ్యలేదు. వేళ్ళు ఒక్కొక్కటే నేనే విడదీశాను. అప్పుడు నా భుజం మీద పడి, "ఆ రోజు నేనంతా చూశానమ్మా, చూసి కూడా..." అని వెక్కి వెక్కి ఏడ్చింది. సరేలే, ఊరుకో అన్నాను. అక్కడి నుంచి బందరు బస్సులో వెళ్ళాం, ఇద్దరం నిలబడి.

మా ఆయన వెళ్ళి కారు ఇంటికి తెచ్చారు. మళ్ళీ ఒక్క వేలితోనేనట! ఇప్పుడాయన లెక్క ప్రకారం పిచ్చి ఇద్దరికీ ఉంది. సెన్సరు మార్చమని నేనంటే, చెడిపోనిదాన్ని ఎలా మారుస్తామంటారు సర్వీసు సెంటరువాళ్ళు. అత్తగారు నిమ్మకాయలు కడుతున్నారు. అమ్మేద్దామని ఈయన, ఎవడి పిల్లో ఎక్కుతుంది వద్దని నేను. ఉప్పు నీళ్ళో, సెన్సరో, పిల్ల భయమో, మరింకేమిటో... ఆ కారుకి నీళ్ళు ఎటున్నాయో ఎలా తెలిసిందో... నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ళందరూ ఏసీ గదుల్లో ఉన్నారు.

ఇంకోసారి ఎవరైనా భ్రమ అంటే నేను వాదించను. కీ ఇదుగో. తీసుకెళ్ళండి. చీకటి పడ్డాక కాలవ పక్కన ఆపి, ఇంజిను ఆన్‌లో ఉంచి, చేతులు తీసి కూర్చోండి. కాకపోతే ఒంటరిగా వెళ్ళండి. నా పిల్లని మాత్రం పక్కన ఎక్కించుకోనివ్వను.